హోంవర్క్ లేని సాయంత్రాలు

“నేను పెట్టలే.”

సంపత్ ఆ మాట అనడం పొద్దున్నుంచీ అది నాలుగోసారి. రజిత పొయ్యి దగ్గర నిలబడి పెనం మీది చపాతీ వైపే చూస్తోంది.

“మరి నీ సంతకం దానంతట అదే నడుచుకుంట వచ్చి కూసున్నదా?”

“ఏమో. నాకెర్క లేదు.”

“నిన్న ఎల్లేశం సార్ కాగితం పట్టుకుని నాకు చూపిచ్చిండు. పదమూడో పేరు నీది. ‘మేడం, మీ ఇంట్లనే ఒప్పుకుంటలేరు, బయటోళ్లను నేనెట్ల ఒప్పియ్యాలె’ అన్నడు. నేను ఏం జవాబు చెప్పాలె?”

సంపత్ బొగ్గు గనిలో డంపరు డ్రైవరు. రెండో షిఫ్టు వారం కావడంతో ఉదయాలు ఇంట్లోనే ఉంటాడు. మధ్యాహ్నం రెండింటికి బయలుదేరి ఓపెన్‌కాస్ట్‌కి వెళ్లి డంపరు ఎక్కితే, తిరిగి వచ్చేసరికి ఇంట్లో అందరూ నిద్రపోతుంటారు. ఇవాళ భార్యాభర్తలు మాట్లాడుకోవడానికి దొరికిన సమయమంతా ఈ సంతకమే తినేసింది.

నాలుగో తరగతి టీచరు రజిత తన తరగతి పిల్లలకు హోంవర్క్ ఇవ్వడం మానేసి రెండు నెలలైంది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. మూడో వారంలో కాలనీలో మాటలు మొదలయ్యాయి. ఈ సోమవారం తల్లిదండ్రులు కాగితం రాసుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకున్నారు. శనివారం పన్నెండింటికి బడిలో మీటింగు. మీటింగు అయ్యాక ఆ కాగితం యాజమాన్యానికి వెళుతుందనీ, వెళితే ఆ తరగతీ ఆ ఉద్యోగమూ ఆమెకు ఉంటాయో లేదో తాను చెప్పలేననీ ప్రిన్సిపాల్ ఎల్లేశం సార్ అనేశాడు. ఇవాళ శుక్రవారం.

“నేను పెట్టలే,” అన్నాడు సంపత్ మళ్లీ. కొంచెం ఆగి, “కాని తెస్తే మాత్రం పెట్టేటోణ్ణి,” అన్నాడు.

రజిత పొయ్యి ఆపేసింది. పెనం మీద చపాతీ ఒక పక్కే కాలి అలాగే ఉండిపోయింది.

“ఇప్పుడన్నవు నిజం.”

“అబద్ధం ఎప్పుడు చెప్పిన? ఇష్టం లేదని ముందుగాల్నే చెప్పిన గద.”

“ఎందుకు ఇష్టం లేదో ఒక్కనాడన్న చెప్పినవా?”

“నువ్వెందుకు బందు వెట్టినవో నాకు సమజయితే గద.”

“ఇరవై ఎనిమిది నోట్‌బుక్కులు దిద్దిన. పందొమ్మిదిట్ల గోదావరి నాందేడ్ల పుట్టింది. పందొమ్మిదిట్ల ఒక్కటే తప్పు, ఒక్కటే మాట. అందరికి ఒక్కటే ట్యూషన్ల రాపిస్తున్నరు. నేను పిల్లల హోంవర్క్ దిద్దుతలేను, ట్యూషన్ మేడం హోంవర్క్ దిద్దుతున్న.”

“పందొమ్మిది మంది తప్పు రాస్తే పందొమ్మిది మందికి దిద్దాలె. రాసుడే బందు వెడ్తరా?”

“దిద్దిన. మల్లో వారం నాందేడ్ పోయి ఇంకోటి వచ్చింది.”

ముందుగదిలో మంచం మీద కూర్చున్న సమ్మవ్వ గొంతు సవరించుకుంది. సంపత్ తల్లి ఆమె. కొడుకూ కోడలూ పోట్లాడుకునేటప్పుడు ఎవరి వైపూ మాట్లాడదు.

“పొల్లకు కడుపు నొస్తుందట. ఇయ్యాల బడికి పోనంటుంది. ఒక్కసారి చూడుండ్రి మీ లొల్లి అయిపోతే.”

తల్లి తరగతిలోనే చదివే తొమ్మిదేళ్ల కూతురు సహస్ర నాయనమ్మ వెనకాల గోడకు తిరిగి పడుకుని ఉంది. రజిత వెళ్లి నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. ఒళ్లు చల్లగానే ఉంది. గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది.

“అత్తమ్మా, వాము నీళ్లు తాపు. సాయంత్రం వచ్చినంక చూస్త.”

“సాయంత్రం నువ్వు రావు,” అన్నది సహస్ర గోడతోనే.

రజిత అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. విన్నదో లేదో సంపత్‌కు తెలియలేదు.

*

చౌరస్తా దాటాక గులాం అలీ దుకాణం. కాలిపోయిన మోటార్లకు మళ్లీ రాగితీగ చుట్టి ఇస్తాడు. కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది అతనే. అతని కొడుకు ఉజైర్ రజిత తరగతిలోనే చదువుతాడు.

సంపత్‌ను చూడగానే గులాం అలీ చేతిలోని తీగ పక్కన పెట్టి స్టూలు జరిపాడు.

“రా అన్నా. భాబీ కోపంల ఉన్నదా? నాకు గూడ మనసుల మంచిగ లేదు. టీచర్ మంచిదే. ఆమె మీద మాకేం లేదు.”

“అలీ భాయ్, ఒక్కటే అడుగుత. నా సంతకం నువ్వు తీస్కున్నవా?”

“తీస్కున్న. అంటే మీ ఇంట్ల తీస్కున్న.”

“నేనెక్కడున్న?”

గులాం అలీ గుర్తు చేసుకున్నాడు. “సోమవారం, అయిదున్నర అయితుండె. తలుపు కొడితే నీ బిడ్డ వచ్చింది. బాపును పిలువు అన్న. ‘బాపు పన్నడు, ఇటియ్యి’ అని కాగితం లోపటికి తీస్కపోయింది. జర సేపటికి సంతకం వెట్టిచ్చి తెచ్చింది.”

“సోమవారం అయిదున్నరకు నేను డంపర్ మీద ఉన్న.”

“రెండో షిఫ్టా?”

“వారమంత రెండో షిఫ్టే.”

“మరి లోపట ఎవరున్నరు?”

“మా అవ్వ ఉంటది. ఆమె వేలిముద్ర ఏస్తది.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దుకాణం బయట ఆటో ఒకటి ఆగి, మనిషిని దింపి వెళ్లిపోయింది. గులాం అలీ తీగను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు కాని చుట్టడం మొదలుపెట్టలేదు.

“అన్నా, చిన్నపిల్ల. కొట్టకు.”

“కొట్ట. నాకు తెల్వాలె అంతే.” సంపత్ లేచి, మళ్లీ ఆగాడు. “నువ్వెందుకు వెట్టినవ్ భాయ్, మొదటి సంతకం?”

“హోంవర్క్ లేదని మావోడు బడి విడిచి సీదా దుకాన్లకు వస్తుండు. మోటార్ ఇప్పుతుండు, తీగలు ముడుతుండు. మా అబ్బా మోటార్లు ఇప్పిండు, నేను ఇప్పుతున్న. వాడు గూడ ఇదేనా? నాకు ఆ ఒక్క ఫికరే.”

*

ఇంటికి వచ్చేసరికి సహస్రకు కడుపునొప్పి తగ్గింది. పెరట్లో నాయనమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. సమ్మవ్వ కొడుకు ముఖం చూసి, కాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సంపత్ జేబులోంచి పెన్ను తీశాడు. పాత జీతం చీటీ వెనక్కి తిప్పి కూతురి ముందు పెట్టాడు.

“బిడ్డా, నా సంతకం ఒక్కసారి పెట్టు, చూద్దాం.”

సహస్ర చేతిలోని ఈనె పడేసింది. పెన్ను అందుకుంది. చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపులో రాసింది. కింద గీత కూడా గీసింది. గీత చివర సంపత్ రెండు చుక్కలు పెడతాడు. ఆ రెండు చుక్కలు కూడా పెట్టింది.

సంపత్ ఆ చీటీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. ఇంత బాగా ఎలా నేర్చుకున్నదా అన్న ఆశ్చర్యమే ముందుకు వచ్చింది.

“ఎప్పటిసంది పెడుతున్నవ్?”

“నాలుగో తరగతిల కూసున్నప్పటిసంది. డైరీల రెండు గళ్లు ఉంటయి. క్లాస్ టీచర్ గళ్లె అమ్మ పెడ్తది. ఇంటోళ్ల గళ్లె గూడ అమ్మనే పెడితే అందరు నవ్విండ్రు. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేవరకు నేను పంటగద.”

“నన్ను పొద్దుగాల లేపకపోయినవా?”

“బాపు పన్నడు లేపకు అంటది బాపమ్మ.”

అందులో అబద్ధం ఏమీ లేదు.

“డైరీ సంగతి సరే. ఆ కాగితం మీద ఎందుకు వెట్టినవ్? అది అమ్మ మీద రాసిన కాగితమని తెల్వదా?”

“తెలుసు. సదివిన.”

“మరి?”

సహస్ర లేచి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో అట్ట వేసిన పొడుగు నోట్‌బుక్కు ఉంది. రజితది. బీరువాలో చీరల కింద ఉంటుంది. దాని మీద రజిత గుండ్రటి అక్షరాలతో ‘పిల్లల సాయంత్రాలు’ అని రాసి ఉంది.

రెండు నెలలుగా రజిత బడి విడిచాక రోజూ ఒకరిద్దరు పిల్లల ఇళ్లకు వెళ్లి వస్తోందని సంపత్‌కు తెలుసు. ఎందుకని అడిగితే, “హోంవర్క్ లేకుంటే ఏం చేస్తరో చూస్తున్న,” అన్నది. అంతకు మించి అతను అడగలేదు. ఇలా పుస్తకం రాస్తోందని ఇప్పుడే చూశాడు. ఒక్కో పేజీకి ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లవాడు. పైన హాజరు నంబరు, పేరు.

సహస్ర పేజీలు తిప్పింది. “ఇరవై ఒకటి ఉన్నది. ఇరవై మూడు ఉన్నది. నాది ఇరవై రెండు.”

ఇరవై రెండో పేజీలో పేరు ఉంది. పేరు కింద ఏమీ లేదు.

“హోంవర్క్ ఉన్నప్పుడు ఆరు గొట్టంగనే అమ్మ నా దగ్గర కూసునేది,” అన్నది సహస్ర. “లెక్క తప్పయితే నెత్తి మీద మొట్టేది. ఇప్పుడు హర్షిణి వాళ్లింటికి పోతది, ఉజైర్ వాళ్లింటికి పోతది. హోంవర్క్ మల్ల ఇస్తే ఇంట్ల ఉంటది గద. అందుకే పెట్టిన.”

సంపత్ పుస్తకం మూశాడు.

“బాపూ, అమ్మకు చెప్పకు.”

“సరే.”

“నీ పేరు మీద పెట్టిన. కోపం రాలేదా?”

“రాలేదు. పుస్తకం ఎక్కడ్నుంచి తీసినవో అక్కడ వెట్టు.”

ఆ మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లేటప్పుడు సమ్మవ్వ గుమ్మం దాకా వచ్చింది. “ఏమన్నది పొల్ల?” అని అడిగింది. ఏమీ లేదన్నాడు సంపత్. ముసలామె నమ్మలేదు. అయినా మళ్లీ అడగలేదు.

*

శనివారం పన్నెండింటికి నాలుగో తరగతి గదిలో పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని ఇరుకిరుగ్గా కూర్చున్నారు. బోర్డు దగ్గర ఎల్లేశం సార్, పక్క కుర్చీలో రజిత. ఒడిలో ఆ పొడుగు నోట్‌బుక్కు.

ముందుగా లేచింది సదానందం. కంపెనీ స్టోర్సులో గుమస్తా. కాలనీలో ఏ మీటింగు జరిగినా మొదటి మాట అతనిదే.

“మేడం మీద గౌరవం ఉన్నది. కాని బడి అన్నంక హోంవర్క్ ఉండాలె. మా పిల్లలు గూడ గీ బొగ్గులనే ఉండాల్నా? పెద్దపల్లి బడులల్ల ఇస్తున్నరు, కరీంనగర్ల ఇస్తున్నరు. మనకే ఎందుకు ఈ కొత్త పద్ధతి? మా రుత్విక్ నాలుగింటికి వచ్చి తెల్లారి దాక పుస్తకం ముడుతలేడు.”

రజిత పందొమ్మిది నోట్‌బుక్కుల సంగతి చెప్పింది. గోదావరి నాందేడ్‌లో పుట్టిన సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీలో ఎవరో నవ్వారు. గోదావరికి అరగంట దూరంలో ఉంటున్నా, ఆ నది ఎక్కడ పుట్టిందో ట్యూషన్ మేడం తప్పు చెబితే మన పిల్లలకు తప్పే తెలుస్తోందనీ, సొంతంగా తెలుసుకునే తీరికే వాళ్లకు లేదనీ అన్నది.

“ఆమె మాట ఆమె చెప్పింది,” అన్నాడు సదానందం. “ఇగ సంపత్ చెప్పాలె. సొంత భర్తనే సంతకం వెట్టిండంటే ఇంక మేమేం మాట్లాడుతం? చెప్పు సంపత్, భయపడకు.”

గదిలో నవ్వు లేచింది. సంపత్ కూడా కొంచెం నవ్వాడు. లేచి ముందుకు వెళ్లి బల్ల మీద ఉన్న కాగితం తీసుకున్నాడు. పదమూడో పేరు పక్కన ఉన్న సంతకాన్ని అడ్డంగా కొట్టేశాడు.

“ఇది నేను పెట్టింది కాదు.”

“మరి ఎవరు వెట్టిండ్రు?” అన్నాడు ఎల్లేశం సార్.

“నేను పెట్టింది కాదన్న సార్. అంతవరకే.”

మూడో బెంచీలో గులాం అలీ తల దించుకున్నాడు.

“అంటే మీకు హోంవర్క్ వద్దంటరు?”

“కావాలె.”

సదానందం ముఖం విచ్చుకుంది. రజిత కుర్చీలో కదలలేదు.

“నేను రెండో షిఫ్టుల ఉన్న వారం నా బిడ్డను చూడ. వచ్చేవరకు పండి ఉంటది. నేను తినుకుంట ఆమె హోంవర్క్ పుస్తకం ఇప్పుత. ఇయ్యాల భాగహారాలు చేసింది, ఇయ్యాల పక్షుల గురించి రాసింది. మూడు తప్పులు పోయినయి, అమ్మ తిట్టి ఉంటది. అట్ల తెలిసేది నాకు. రెండు నెలలసంది ఇప్పుతున్న, ఏం ఉంటలేదు. నాకు హోంవర్క్ అందుకు కావాలె. ఈ ముచ్చట ఇంట్ల చెప్పుకోలేదు. తప్పు నాదే.”

పన్నెండేళ్ల సంసారంలో భర్త అన్నం తింటూ కూతురి నోట్‌బుక్కు చదువుతాడని రజితకు తెలియదు. పొద్దున్న లేచాక ఆ పుస్తకం మీద ఒక్కోసారి పసుపు వేలిముద్ర కనిపించేది. పిల్లను తిట్టేది.

“ఇంకొకటి అడుగాలె,” అన్నాడు సంపత్. ఆమె వైపు తిరిగాడు. పదిమందిలో ఏమని పిలవాలో తోచక ఒక్క క్షణం ఆగాడు. “టీచర్, మీరు పిల్లల ఇండ్లకు పోయి సాయంత్రం ఏం చేస్తుండ్రో రాస్తున్నరు. మా సహస్రది రాసిండ్రా?”

రజిత కాగితం వైపు చూసింది. నిన్నటి దాకా దాన్ని ప్రిన్సిపాల్ చేతిలోనే చూసింది. ఇప్పుడు బల్ల మీద తన ముందే ఉంది. కొట్టేసిన గీత కింద ఆ పేరు ఇంకా చదవడానికి వస్తోంది. ‘త’ పొట్ట లోపలికి తిరిగిన తీరు ఆమెకు తెలుసు. పెన్ను ఎత్తకుండా అలా తిప్పమని, సహస్ర చెయ్యి పట్టుకుని దిద్దించింది తనే.

ఆమె కాగితాన్ని పక్కకు జరిపింది.

“రాయలేదు,” అన్నది.

“ఎందుకు రాయలేదు?”

“చూడలేదు.”

సంపత్ వెనక్కి వెళ్లి తన చోట కూర్చున్నాడు. అతని వైపో ఆమె వైపో తేల్చుకోలేక అందరూ ఫ్యాను వైపు చూశారు. ఎల్లేశం సార్ గొంతు సవరించుకునేలోపే గులాం అలీ లేచి నిలబడ్డాడు.

“టీచర్, నాకు తెలుగు మాట్లాడస్తది, సదువరాదు. మా ఉజైర్‌ది ఏం రాసిండ్రో సదివి చెప్తరా?”

రజిత పుస్తకం తెరిచింది.

“‘ఉజైర్. ఐదుంపావుకు దుకాణానికి వచ్చాడు. తండ్రి విప్పి పెట్టిన మోటారులో తీగ చుట్లు లెక్కపెట్టాడు. ఒక్కో గాడిలో నలభై నాలుగు. గాళ్లు ఇరవై నాలుగు. మొత్తం ఎన్ని చుట్లో ఎవరినీ అడగలేదు. గోడ మీద బొగ్గుతో వేసుకున్నాడు. మొదటిసారి తప్పు. చెరిపి మళ్లీ వేశాడు. వెయ్యీ యాభై ఆరు. క్లాసులో ఇంతవరకు రెండంకెల హెచ్చవేత ఒక్కటీ సరిగా చేయలేదు.’”

గులాం అలీ పెదవులు కదిలాయి. మనసులో లెక్క వేస్తున్నట్టున్నాడు.

“వెయ్యీ యాభై ఆరే,” అన్నాడు. “గోడ మీది గీతలు నేనే తుడిచిన. వాణ్ణి తిట్టి తుడిచిన.”

అతను కూర్చోగానే రెండో వరుసలోంచి ఒకామె చెయ్యి ఎత్తింది. “మా హర్షిణిది గూడ సదువుండ్రి మేడం.”

“‘హర్షిణి. ఐదు నుంచి ఎనిమిది దాకా ఫోను. రెండుసార్లు అన్నానికి పిలిస్తే పలకలేదు. మూడోసారి తల్లి ఫోను గుంజుకుంది. పిల్ల ఏడ్చి పడుకుంది.’”

హర్షిణి తల్లి కొంగుతో నోరు మూసుకుంది. “నిజమే, గట్లనే అయింది,” అన్నది.

“చూసిండ్రా మరి,” అన్నాడు సదానందం. “హోంవర్క్ ఉంటే ఆ ఫోన్ చేతుల ఉంటుండెనా?”

“ఉండకపోతుండె,” అని ఒప్పుకుంది రజిత. “అందుకే అది గూడ రాసిన. మంచిగున్నయే రాస్తే నాకేం తెలుస్తది?”

ఆ మాటతో గది మారిపోయింది. సంతకాల కాగితం సంగతి ఎవరికీ పట్టలేదు. మాది చదవండి అంటే మాది అని నలుగురైదుగురు లేచారు. సొంత ఇంట్లో సాయంత్రం ఏం జరుగుతోందో ఇంకొకరి నోట వినాలని అందరికీ ఆత్రంగా ఉంది. ఎల్లేశం సార్ కూడా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“ముందుగాల మా రుత్విక్‌ది సదువుండ్రి,” అన్నాడు సదానందం. కాలు మీద కాలు వేసుకున్నాడు. “పదిహేడో నంబరు. మా ఇంట్ల ఫోన్ ముట్టనియ్య. ఆ సంగతి గూడ అందరికి తెల్వాలె.”

రజిత పదిహేడో పేజీ తీసింది. మొదటి వరుస మీద ఆమె కళ్లు ఆగాయి. పుస్తకాన్ని సగం మూసింది.

“ఇది మీకు తర్వాత చెప్త సార్.”

“తర్వాతెందుకు? అందరివి సదివి నాదొక్కటే దాస్తరా?”

“మీరు ఇంట్ల లేని నాడు పోయిన.”

“అయితే ఏమాయె? సదువుండ్రి.”

ఎల్లేశం సార్ పుస్తకం కోసం చెయ్యి చాపాడు. రజిత ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించింది.

సదానందం పక్కన, బెంచీ అంచున ఒదిగి, అతని భార్య కూర్చుని ఉంది. మీటింగు మొదలైనప్పటి నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదు. ఇప్పుడు లేచి నిలబడింది. భర్త వైపు చూడకుండా, నేరుగా రజితతో అన్నది.

“సదువకుండ్రి మేడం. నేనే చెప్త. ఈయన ఇంట్ల లేని నాడే మా పిల్లగాడు నోరిప్పి మాట్లాడుతడు.”

సదానందం కాలు మీది కాలు తీసి, మెల్లగా భార్య వైపు తిరిగాడు.